కర్పూరం సీసాలో సున్నా

కెమిస్ట్రీ లెక్చరర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తూంటారు. ఉద్యోగం గురించి సలహా చెప్పమంటారు. వాళ్ళకి ముందే తెలిసిన నాలుగు ముక్కలు నా నోట విని, కాఫీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోతారు. అసలు చెప్పవలసిన సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నోటితో చెప్పడానికి సిగ్గేస్తుంది. కాగితానికి సిగ్గు లేదు కాబట్టి రాస్తున్నాను.

నేను పనిచేసింది కోనసీమలో ఒక కాలేజీలో. దాని పేరు రాయను. తప్పు నాది, కాలేజీది కాదు. మా తాత పాలేరు, మా నాన్న మిషన్ బడిలో పంతులు, నేను లెక్చరర్ని. మూడు తరాల్లో అంత దూరం వచ్చినవాడికి కొంచెం పొగరు ఉంటుంది. నాకు కొంచెం కన్నా ఎక్కువే ఉండేది. ఈ కథలో అది కూడా ఒక పాత్ర కాబట్టి ముందే చెబుతున్నాను.

చీకటి గది

మా లాబు వెనక చిన్న గది ఉండేది. కిటికీకి నల్ల గుడ్డ కట్టి దాన్ని చీకటి గది చేసుకున్నాం. పక్కనే కాలవ. కాలవలో కొబ్బరి పీచు నానేస్తే ఆ వాసన, లాబులో కుళ్ళిన కోడిగుడ్ల గ్యాసు వాసన, రెండూ కలిసి ఆ గదిలోకే వచ్చేవి. మా ఆవిడ నా చొక్కా వాసన చూసి ఏ రోజు ఏ బ్యాచ్ ప్రాక్టికల్సో చెప్పేసేది.

ఆ గదిలో మా ఆస్తి పోలారిమీటరు. ఇత్తడిది. పొడుగాటి గొట్టానికి ఒక కొస సోడియం దీపం, రెండో కొస కన్ను పెట్టుకునే అద్దం. దీపం వెలిగించగానే గులాబీ రంగులో మొదలై, నెమ్మదిగా పసుపు పచ్చగా నిండేది. అలా నిండేదాకా పదిమంది పిల్లలూ మాట్లాడకుండా చూసేవాళ్ళు. ఓణీలు వేసుకున్న ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క, అందరి మొహాలూ ఒకే పసుపు. ఇన్నేళ్ళకి కూడా కళ్ళు మూసుకుంటే నాకు ముందు కనబడేది ఆ మొహాలే. కరెంటు పోతే మాత్రం ఆ గదిలో అల్లరి కాలవ అవతలికి వినబడేది.

ఆ యంత్రం చేసే పని చిన్నది. వెలుగు ఒకే తలంలో ఊగుతూ వచ్చేలా చేసి, దాన్ని ఒక ద్రావణంలోంచి పంపిస్తాం. కొన్ని పదార్థాలు ఆ వెలుగును కుడికి తిప్పుతాయి, కొన్ని ఎడమకి తిప్పుతాయి, కొన్ని అసలు తిప్పవు. ఎంత తిప్పిందో స్కేలు మీద చదువుకోవాలి. కంటి ముందు ఉన్న వృత్తంలో రెండు సగాలూ సమానంగా వెలిగేదాకా మర తిప్పి, అప్పుడు చదవాలి. మొదట ఉత్త స్పిరిట్ పోసి చూస్తాం, తరువాత అందులో మందు కరిగించి చూస్తాం. రెంటికీ తేడాయే జవాబు.

చెప్పుల జత

ఎందుకు తిప్పుతుంది అని పిల్లలు అడిగితే చెప్పులు విప్పమనేవాణ్ణి. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. రెంటికీ అదే తోలు, అవే మేకులు, అదే బరువు. తక్కెడలో వేస్తే తేడా తెలియదు. కాలు పెడితే తెలుస్తుంది. కొన్ని అణువులూ అంతే. ఒకే ఫార్ములా, ఇంచుమించు ఒకే వాసన, ఒకే ద్రవీభవన స్థానం. కానీ ఒకటి కుడికాలిది, ఒకటి ఎడమకాలిది. ఒకటి వెలుగును ఇటు తిప్పితే, రెండోది అంతే అటు తిప్పుతుంది.

ఫ్యాక్టరీలో చేసిన పదార్థంలో సాధారణంగా రెండు చెప్పులూ సమానంగా వస్తాయి. ప్రాణం ఉన్నది చేసిన పదార్థంలో ఒకే కాలి చెప్పులు ఉంటాయి. మన ఒంట్లో మాంసకృత్తులన్నీ ఎడమవాటం అణువులతో కట్టినవి. గోదారిలో పులస, గట్టు మీద తాటిచెట్టు, దాని కింద కూర్చున్న మనిషి, ముగ్గురిదీ ఎడమవాటమే. ఎవరు నిర్ణయించారు? ఎప్పుడు నిర్ణయించారు? ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు. నాకు మాత్రం పాతికేళ్ళు నిద్రలో కూడా ఇదే ప్రశ్న.

ఒక ఏడాది పిల్లల్ని కొబ్బరి తోటల్లోకి పంపించాను. కొబ్బరిచెట్టు మట్టలు మొవ్వు చుట్టూ మెలికగా తిరుగుతూ వస్తాయి. కొన్ని చెట్లకి కుడికి, కొన్నిటికి ఎడమకి. చెట్టెక్కి కాయలు దింపేవాళ్ళని అడిగితే ఎక్కేటప్పుడే తెలిసిపోతుందన్నారు. పిల్లలు వారం రోజులు లెక్కపెట్టి వచ్చి ఇంచుమించు చెరిసగం ఉన్నాయని చెప్పారు. చెట్టు ఎటు తిరిగినా ప్రకృతికి పట్టింపు లేదు. ఆ చెట్టు కాయలో ఉన్న మాంసకృత్తు దగ్గరికి వచ్చేసరికి అంతా ఎడమే. అక్కడ పట్టింపు ఎందుకు వచ్చిందో చెప్పమంటే క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా ఉద్యోగంలో చాలా సంతోషంగా ఉన్న రోజుల్లో అదొకటి.

ఏదైనా ఒకటే

మా కాలేజీలో పోలారిమీటరుకి కర్పూరం వాడేవాళ్ళం. చెట్టు నుంచి తీసిన కర్పూరం వెలుగును బాగా కుడికి తిప్పుతుంది, కొత్తవాళ్ళకి చదవడం సులువు. గాజు బిరడా ఉన్న గోధుమరంగు సీసా, దాని మీద కంపెనీ చీటీ. డెబ్బైల నడుమ ఒక ఏడాది పరీక్షలు దగ్గరపడే వేళకి ఆ సీసా ఖాళీ అయింది. ఇండెంటు పెడితే సరుకు ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి.

లాబ్ అటెండరు వీర్రాజు నెమ్మదైన మనిషి. నా కన్నా పదేళ్ళు పెద్ద. కర్పూరమే కదా, బజార్లో తెచ్చెయ్యమన్నాను.

"పచ్చకర్పూరం తెమ్మంటారా, హారతి కర్పూరం తెమ్మంటారా అండి?" అని అడిగాడు.

మా ఇంట్లో ఏ తరంలోనూ కర్పూరం వెలిగించలేదు. అందులో రెండు రకాలు ఉన్నాయని ఆ క్షణం దాకా నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుంటే సరిపోయేది. హిందువుల ఇళ్ళలో పిల్లలకి కూడా తెలిసిన ముక్క లెక్చరర్‌కి తెలియదంటే ఎలా అనిపించి, చాలా తేలిగ్గా జవాబిచ్చాను.

"ఏదైనా ఒకటే వీర్రాజూ. కర్పూరం కర్పూరమే. ఫార్ములా మారదు."

"ఆయ్" అని వెళ్ళి హారతి బిళ్ళలు తెచ్చి, నూరి, ఆ పాత సీసాలోనే పోశాడు. చీటీ అలాగే ఉంది. ఫార్ములా మారలేదు కూడా. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు, అదే దాని ప్రమాదం. గుడిలో వెలిగించేది ఫ్యాక్టరీలో టర్పెంటైన్ నూనె నుంచి చేసిన సరుకు. రెండు కాళ్ళ చెప్పులూ సమానంగా ఉన్నది. ఆ సంగతి నేను తెలుసుకునేసరికి కొన్నేళ్ళు పట్టింది.

గేజీ మీద ఉన్నది

ఆ ఏడాది బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో కరుణ అని ఒక అమ్మాయి ఉండేది. పి.గన్నవరం అక్విడక్టు దగ్గర కాలవల లస్కరు ఏసుదాసు గారి కూతురు. మాదీ వాళ్ళదీ ఒకటే సంఘం. ఆదివారం చర్చిలో వాళ్ళ నాన్న నన్ను చూసి చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాడు. వద్దంటే వినేవాడు కాదు. ఆయన పని రోజూ పొద్దున్నా సాయంత్రం గేజీ రాయి మీద నీటి మట్టం చూసి రిజిస్టర్లో రాయడం.

ప్రాక్టికల్స్ క్లాసులో కరుణ రీడింగు సున్నా అని రాసుకొచ్చింది. స్పిరిట్‌కి ఎంత వచ్చిందో కర్పూరానికీ అంతే వచ్చిందంది. మర సరిగా తిప్పలేదని చెప్పి పంపించాను. మళ్ళీ సున్నా. మూడోసారీ సున్నా. మిగతా పిల్లలందరికీ పుస్తకంలో ఉన్న విలువ, అటూ ఇటూ కొంచెం తేడాతో, చక్కగా వచ్చింది. ఎలా వచ్చిందో మీకు తెలుసు. ప్రతి కాలేజీలోనూ పై తరగతి వాళ్ళ రికార్డులు కింది తరగతికి దిగుతాయి. అందులోంచి రీడింగులు దిగుతాయి. తేడా కూడా దిగుతుంది, మరీ సరిగ్గా ఉంటే మాష్టారికి అనుమానం వస్తుందని. మాకూ ఆ సంగతి తెలుసు. మేమూ అలాగే పాసయ్యాం. ఏడాది పొడుగునా పెట్టవలసిన సంతకాలు పరీక్షల ముందు ఒక్క సాయంత్రం కూర్చుని, పాత తేదీలు వేసుకుంటూ పెట్టేవాళ్ళం. ఆ తేదీలు ఎంత బాగా కుదిరేవంటే, ఆదివారాలు తప్పించి మరీ వేసేవాళ్ళం.

ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు.

"మా నాన్నగారు లస్కరండి. గేజీ మీద ఉన్నదే రాయాలంటారండి. లేనిది రాస్తే ఎక్కడో గట్టు తెగుతుందంటారండి" అంది.

అది పొగరని నాకు అనిపించింది. పొగరు నాకే సొంతమని నా ఉద్దేశం కాబోలు. ఆమె అబ్జర్వేషన్ పుస్తకం తీసుకుని, ఆ సున్నా మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, 'తప్పు' అని రాసి సంతకం చేశాను. ఇంకో కారణం కూడా ఉంది, దాచను. మా సంఘం పిల్లని నేను వెనకేసుకొస్తున్నానని స్టాఫ్ రూములో ఎవరూ అనకూడదు. ఆ భయంతో ఆమె దగ్గర ఒక పాలు ఎక్కువే బిగించేవాణ్ణి. న్యాయంగా ఉన్నానని పేరు తెచ్చుకోవడానికి ఒక పిల్లకి అన్యాయం చెయ్యొచ్చని అప్పుడు తెలియలేదు.

పరీక్షలో చీటీ తీస్తే ఆమెకి పోలారిమీటరే వచ్చింది. ఆమెతో పాటు ఇంకో ముగ్గురికి వచ్చింది. ఆ ముగ్గురూ పుస్తకం విలువ రాశారు. కరుణ సున్నా రాసింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు నిదానస్తుడు. యంత్రం బాగానే ఉందా అని నన్ను అడిగాడు. ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్న నాకు దేవుడిచ్చిన అవకాశం. లేచి వెళ్ళి నా కన్ను ఒక్కసారి ఆ అద్దానికి ఆనిస్తే చాలు. పది అడుగులు. ముగ్గురికి సరిగ్గా వచ్చింది కదండీ, యంత్రానికేమీ లేదు, ఈ అమ్మాయికే చూడటం రాదు అన్నాను. ఆయన మార్కులు వేశాడు. కరుణ ప్రాక్టికల్స్ తప్పింది.

సెప్టెంబరు

తప్పినవాళ్ళకి మళ్ళీ సెప్టెంబరులో పరీక్ష. ఈలోపల ఎం.ఎస్సీ. సీట్లు అయిపోయాయి. మిగతా అన్నిటిలోనూ ఆమెవి మంచి మార్కులు. చర్చిలో ఏసుదాసు గారు నాకు ఎప్పటిలాగే చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాడు. ఒక్కమాట అడగలేదు. నేనూ చెప్పలేదు.

సెప్టెంబరులో వచ్చింది. అదే గది, అదే యంత్రం, అదే సీసా. వంగి, కన్ను పెట్టి, చాలాసేపు చూసింది. తరువాత కూర్చుని రాసింది. కాగితం తెచ్చి ఇచ్చింది. పుస్తకంలో ఉన్న విలువ, అటూ ఇటూ కొంచెం తేడాతో. నాకు సంతోషమేసింది. పిల్ల దారిలో పడిందనుకున్నాను.

"ఇప్పుడు చూడటం వచ్చిందా అమ్మా?" అన్నాను.

"వచ్చిందండి" అంది.

ఈసారి మార్కులు నా చేతిలోనే ఉన్నాయి, పూర్తిగా వేశాను. ఆ కాగితం మీద నేను పెట్టిన సంతకం నా జీవితంలో చేసిన సంతకాలన్నిట్లోకీ నీచమైనది.

ఆకాశం నుంచి పడ్డ రాయి

మా లైబ్రరీకి ఒక ఇంగ్లీషు సైన్సు పత్రిక వచ్చేది. నెలల తరబడి ఆలస్యంగా, ఒక్కోసారి నాలుగు సంచికలు ఒకే కట్టగా వచ్చేవి. ఆకాశం సంగతులు కదా, ఆలస్యమైనా పాడవ్వవు. ఆ కట్టల్లో ఒకదాంట్లో ఆస్ట్రేలియాలో ఒక చిన్న ఊరి మీద పడ్డ ఉల్క గురించి చదివాను. ఆ రాతిని పగలగొట్టి పరీక్షిస్తే అందులో అమైనో ఆమ్లాలు ఉన్నాయి. మాంసకృత్తులు కట్టే ఇటుకలు, నేల మీద కాదు, ఆకాశంలో తయారై వచ్చాయి.

నన్ను పట్టేసింది ఆ తరువాతి సంగతి. అవి నిజంగా ఆకాశానివేనా, లేక రాతిని తాకిన మనుషుల చేతి చెమటవా? తేల్చడం ఎలా? ఎడమా కుడీ చూశారు. చేతి చెమటైతే అంతా ఎడమే ఉండాలి. ఈ రాతిలో ఎడమా కుడీ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. కాబట్టి మనిషివి కావు, ఆకాశానివే.

మర్నాడు సిలబస్ పక్కన పెట్టి క్లాసులో అదే చెప్పాను. మనం ఎడమవాటం ఎలా అయ్యామో పెద్దలు ఊహించినవన్నీ చెప్పాను. ఉత్తి అదృష్టం, మొదటి అడుగు ఎటు పడితే అటు, అనేవాళ్ళున్నారు. పరమాణువు గర్భంలోనే ప్రకృతికి కొంచెం ఎడమచేతి వాటం ఉందనేవాళ్ళున్నారు. ఎక్కడో నక్షత్రాల దగ్గర మెలి తిరిగిన వెలుగు ధూళి మీద పడి, కుడి అణువుల్ని కొంచెం ఎక్కువగా చంపేసిందని, మిగిలిన ఎడమ మొగ్గు రాళ్ళతో పాటు నేల మీదికి రాలిందని అనేవాళ్ళున్నారు. నాకు ఈ చివరిదే ఇష్టం. నిజమో కాదో ఎవరికీ తెలియదు. కాలవ గట్టున పుట్టినవాడికి తన రక్తంలో నక్షత్రాల మొగ్గు ఉందనుకోవడం బాగుంటుంది.

వెనక బల్ల నుంచి ఒకడు లేచి అడిగాడు. ఆ రాతిలో సరుకుని మన పోలారిమీటర్లో పెడితే సున్నాయే కదండీ వచ్చేది, సున్నా అంటే ఏమీ లేనట్టే కదండీ, అన్నాడు.

"కాదయ్యా. సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు. రెండూ సమానంగా ఉండటం" అన్నాను.

అన్నాక ఆగిపోయాను. సుద్దముక్క చేతిలోనే ఉంది. నా నోటితో నేనే అన్న మాట, మూడేళ్ళ కిందట కరుణ పుస్తకం మీద రాయవలసిన మాట. పిల్లలు ఏమైందని చూస్తున్నారు. బెల్లు కొట్టేదాకా ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

లాబుకి వెళ్ళి వీర్రాజుని అడిగాను, ఆ సీసాలో కర్పూరం ఎక్కడిదని. "హారతి కర్పూరమండి. తమరు ఏదైనా ఒకటే అన్నారు కదండి" అన్నాడు. మనిషి గొంతులో నిష్ఠూరం లేదు. వెంటనే చెట్టు నుంచి తీసే పచ్చకర్పూరం తెప్పించాను. దీపం వెలిగించి, పసుపు నిండేదాకా ఆగి, ముందు సీసాలోది చూశాను. స్పిరిట్‌కి ఎంతో దానికీ అంతే. సున్నా. తరువాత పచ్చకర్పూరం. కుడికి, చక్కగా, పుస్తకంలో చెప్పినట్టే తిరిగింది. వీర్రాజు కూడా కన్ను పెట్టి చూశాడు. "పేరొకటే గానీ దేవుడికి వెలిగించేది వేరండి, ప్రసాదంలో వేసేది వేరండి, మా ఇంట్లో ఆడోళ్ళు ఎప్పుడూ కలపరండి" అన్నాడు.

మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకి ఫీజు కట్టిన సందర్భాలు నాకు తెలుసు. కానీ గొడవంటే ఆయనకి జ్వరం. పాతవి తవ్వొద్దని చెప్పాడు. యూనివర్సిటీకి రాస్తే సున్నా రాసిన ఒక్క పిల్లతో ఆగదని, ఆ సీసాతో పుస్తకం విలువ రాసి పాసైన పిల్లలందరి సంగతీ బయటికి వస్తుందని చెప్పాడు. అది నిజమే. నాకు కావలసింది కూడా అలాంటి మాటే. పిరికివాడు ఒక మంచి కారణం దొరికితే వదలడు. సీసా మీద పాత చీటీ పీకేసి 'హారతి కర్పూరం' అని కొత్త చీటీ అంటించాను. అంతటితో ప్రాయశ్చిత్తం అయిపోయిందనుకుని కొన్నేళ్ళు గడిపాను.

ముక్తేశ్వరం

ఎనభైల మొదట్లో ఆ పత్రికలోనే మళ్ళీ ఆ రాయి వచ్చింది. సమానం అన్నది పూర్తిగా సరి కాదని, కొన్నిటిలో ఎడమ కొంచెం ఎక్కువగా ఉందని కొందరు రాశారు. ఆ ఎక్కువ మన చేతి మురికేమో, మీరు మళ్ళీ చూసుకోండని మరికొందరు రాశారు. ఎవరూ సిగ్గుపడలేదు. మేం చూసింది ఇది, తప్పైతే చూపించండని బాహాటంగా చెప్పుకుంటున్నారు. ఎవరో ఏ దేశంవాళ్ళో, కోట్ల మైళ్ళ అవతలి రాతి గురించి అంత పట్టింపుగా ఉన్నారు. నేను ఇరవై మైళ్ళ లోపల ఉన్న ఒక పిల్లకి ఒక మాట చెప్పలేకపోయాను. ఆ వ్యాసం పూర్తి చెయ్యకుండానే పత్రిక మూసేశాను.

కరుణ ముక్తేశ్వరం హైస్కూల్లో సైన్సు టీచరని తెలుసు. భర్త మస్కట్‌లో పనిచేస్తున్నాడు. ఏసుదాసు గారు రిటైరై ఆమె దగ్గరే ఉంటున్నాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కాను. రెండు పొట్లాలు జేబులో పెట్టుకున్నాను, ఒకదాంట్లో హారతి కర్పూరం, ఒకదాంట్లో పచ్చకర్పూరం. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. ఉత్త చేతులతో వెళ్ళలేక కాబోలు.

అరుగు మీద ఏసుదాసు గారు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి చెప్పులు విడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కరుణ లోపల్నుంచి వచ్చి కుర్చీ వేసింది. మజ్జిగ ఇచ్చింది. నేను తాగకుండానే మొదలుపెట్టి మొత్తం చెప్పాను. వీర్రాజు అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు, సీసా, ఆకాశపు రాయి, చీకటి గదిలో నా కంటికి కనబడ్డ సున్నా. నీదే సరైన రీడింగమ్మా, ఆ రోజు గదిలో చూసింది నువ్వొక్కదానివే అన్నాను. తెలిసి కూడా ఇన్నేళ్ళు రాలేదని కూడా చెప్పాను.

ఆమె ఏడుస్తుందనో, పోనిద్దురూ అంటుందనో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"నేను బళ్ళో ప్రయోగాలు చేయించనండి. పాఠం చెప్పి బొమ్మ గీయిస్తానండి, అంతే" అంది. "నా కంటికి కనబడింది రాయాలో వద్దో నాకే తెలియనప్పుడు పిల్లలకేం చెప్పమంటారండి?"

అప్పటిదాకా నేను చేసిన నష్టం ఒక ఏడాది, ఒక సీటు అనుకున్నాను. ఆ అమ్మాయి కన్నే పాడుచేశానని అప్పుడు అర్థమైంది.

ఏసుదాసు గారు నేలకేసి చూస్తూనే మొదలుపెట్టాడు.

"సెప్టెంబరు పరీక్షకెళ్ళేటప్పుడు నేనే చెప్పేనండి మాష్టారండి. ఆళ్ళకేం కావాలో అదే రాసెయ్యమ్మా అన్నానండి. నా సర్వీసులో గేజీ మీద ఒక్క అంగుళం తప్పు రాయలేదండి నేను. వరదల్లో పీకల్లోతు నీళ్ళలోకి దిగి చూసి రాసేనండి. నా బిడ్డకి మాత్రం ఆ మాట చెప్పేనండి."

ఆయన మొహం చూడలేకపోయాను. ఆ మాట ఆ నోట అనిపించింది నేను. నాకు అంతగా నమస్కారం పెట్టే మనిషి కాబట్టే ఆ మాట అన్నాడు. మాష్టారు కూడా తప్పు చేస్తాడని ఆయనకి తోచలేదు. కళ్ళు తుడుచుకున్నాను, ఇద్దరూ చూస్తుండగానే.

కరుణ లేచి లోపలికి వెళ్ళింది. ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడైంది. అబ్జర్వేషన్ పుస్తకం తెచ్చింది. అట్ట చెదలు కొట్టింది, లోపల బాగానే ఉంది. ఆ పేజీ వెతుక్కోనక్కర్లేకుండానే తెరుచుకుంది. సున్నా మీద నా ఎర్ర గీత, పక్కన 'తప్పు', కింద నా సంతకం, తేదీ. అదే పొగరు ఆ సంతకంలో.

పెన్ను ఆమే ఇచ్చింది. 'తప్పు' అన్న నా మాటని కొట్టేశాను. దాని కింద 'సున్నా సరైన రీడింగు. తప్పు నాది' అని రాశాను. సంతకం చేశాను. ఇన్నేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతట అదే పై సంతకం దగ్గరున్న పాత తేదీకేసి పోయింది. దాన్నే కిందకి దింపి రాయబోయాను. మొదటి అంకె సగం పడింది.

కరుణ పేజీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఇవాళ్టి తేదీ వెయ్యండి సార్" అంది. "ఇవాళే కదండీ మీరు చూసింది."

వేశాను.